పైలట్ డిగ్రీ అంటూ ఒకటి లేదండీ

పేరెంట్-టీచర్ మీటింగులో ఇంగ్లీషు టీచర్ దగ్గరకు వచ్చే ప్రశ్నలు మామూలుగా గ్రామర్ గురించో, చేతిరాత గురించో ఉంటాయి. లేదంటే "మావాడు ఇంట్లో ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడడు మేడం" అనే ఫిర్యాదు ఉంటుంది. ఈ రెండేళ్ళుగా ఇంకో ప్రశ్న వచ్చి చేరింది. "మా అమ్మాయి పైలట్ అవుతానంటోంది. ఏవియేషన్ యూనివర్సిటీలో చేర్పించాలా, మామూలు కాలేజీలో డిగ్రీ చేయించాలా?" గత నెల మీటింగులో ఒక్క పూటలోనే ముగ్గురు అడిగారు. వెనుక లైన్లో ఇంకో పదిమంది నిలబడి ఉండగా రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇవి నా అభిప్రాయాలు, స్కూలు తరఫున చెబుతున్న మాటలు కావు.

ఈ ప్రశ్న ఎందుకు పెరిగిందో మీకు తెలుసు. 2023 జూన్‌లో ఇండిగో ఒకేసారి 500 విమానాలకు ఆర్డర్ ఇచ్చింది. అదే ఏడాది ఎయిర్ ఇండియా 470 విమానాలు కొంటున్నట్టు ప్రకటించింది. భోగాపురం విమానాశ్రయం గురించి రోజూ పేపర్లో చదువుతున్నాం. 2024లో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యాక మన ఇళ్ళల్లో ఈ శాఖ పేరు ఇంకా ఎక్కువ వినబడుతోంది. ఇన్ని విమానాలు వస్తే నడిపేవాళ్ళు కావాలి కదా అని పిల్లలు, మీరు అనుకోవడం సహజమే. అలా అనుకుంటున్నారని కాలేజీలకూ తెలుసు. పదో తరగతి పరీక్షలు అవ్వకముందే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చినట్టు, ఇంటర్ అవ్వకముందే ఏవియేషన్ కోర్సుల బ్రోషర్లు ఇప్పుడు ఫోన్లోకి వచ్చేస్తున్నాయి. ప్రతి బ్రోషర్ మీదా భుజాన నాలుగు బంగారు గీతల యూనిఫాం వేసుకున్న కుర్రాడు నవ్వుతూ ఉంటాడు.

ఆ బొమ్మ దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. మన దేశంలో విమానం నడిపే అర్హత ఏ యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీ వల్లా రాదు. డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్, ఉంటేనే వస్తుంది. ఆటోమొబైల్ ఇంజనీరింగ్ పాసైనవాడు కూడా కారు నడపాలంటే ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి ట్రాక్ మీద బండి నడిపి చూపించాల్సిందే. కారు లైసెన్సు విషయంలో మనకు ఇది చెప్పక్కర్లేదు. విమానం దగ్గరకు వచ్చేసరికి డిగ్రీ సర్టిఫికెట్ చేతికొస్తే పిల్లాడు కాక్‌పిట్‌లో కూర్చుంటాడని ఎలాగో నమ్మేస్తున్నాం.

సీపీఎల్‌కి కావలసినవి చెబుతాను. వయసు 18 నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ పాసై ఉండాలి. బైపీసీ, ఎంఈసీ, సీఈసీ చదివిన పిల్లలు దారి మూసుకుపోయిందని బాధపడక్కర్లేదు, తక్కువైన సబ్జెక్టులు నేషనల్ ఓపెన్ స్కూల్ ద్వారా రాసుకోవచ్చు. డీజీసీఏ రాత పరీక్షలు ఉంటాయి: నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, విమానం సాంకేతిక విషయాలు. వీటిలో పాస్ మార్కు నూటికి 35 అనుకునేరు, 70. రేడియోలో మాట్లాడటానికి వేరే పరీక్ష, వేరే లైసెన్సు. క్లాస్ 1 మెడికల్ సర్టిఫికెట్ ఉండాలి. వీటన్నిటితో పాటు 200 గంటలు విమానం నడిపి ఉండాలి. అందులో 100 గంటలు బాధ్యతంతా తనదిగా, పైలట్ ఇన్ కమాండ్‌గా నడపాలి. కొన్ని గంటలు రాత్రిపూట, కొన్ని గంటలు బయటికి చూడకుండా కేవలం పరికరాలను బట్టి. ఈ మొత్తం జాబితాలో డిగ్రీ అనే మాట ఎక్కడా లేదు. పెద్ద ఎయిర్‌లైన్సులు కొత్త కుర్రాళ్ళను తీసుకునేటప్పుడు అడిగేది కూడా ఇంటర్ ఎంపీసీ, సీపీఎల్, మెడికల్.

మరి ఏవియేషన్ యూనివర్సిటీలో ఏం నేర్పుతారు? ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ జిల్లా ఫుర్సత్‌గంజ్‌ని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ కేంద్ర ప్రభుత్వ సంస్థలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి 2013లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన రాజీవ్ గాంధీ జాతీయ విమానయాన విశ్వవిద్యాలయం. విమానయాన సేవలు, ఎయిర్ కార్గో, ఎయిర్‌పోర్టు నిర్వహణ లాంటి రంగాలకు మనుషుల్ని తయారుచేసే చోటు అది. రెండోది 1980ల నుంచి నడుస్తున్న ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ. పైలట్లు తయారయ్యేది ఇక్కడ. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, పైలట్ ఆప్టిట్యూడ్ టెస్టు దాటితేనే సీటు. పేరులో యూనివర్సిటీ ఉన్నచోట మేనేజ్‌మెంట్ చదువు, యూనివర్సిటీ అనే మాట లేని అకాడమీలో విమానం నడిపే శిక్షణ. ఒక్క ఊళ్ళోనే తేడా ఇంత ఉంటే, దేశమంతా పుట్టుకొచ్చిన బీబీఏ ఏవియేషన్, బీఎస్సీ ఏవియేషన్, ఏరోనాటికల్ ఇంజనీరింగ్, ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ కోర్సుల మధ్య తల్లిదండ్రులు తికమకపడటంలో వింతేముంది. ఏరోనాటికల్ ఇంజనీర్ విమానాన్ని డిజైన్ చేస్తాడు. మెయింటెనెన్స్ ఇంజనీర్ దాన్ని బాగుచేసి, ఎగరడానికి సిద్ధంగా ఉందని సంతకం పెడతాడు. బీబీఏ చదివినవాళ్ళు ఎయిర్‌పోర్టులోనో ఎయిర్‌లైన్ ఆఫీసులోనో పనిచేస్తారు. అన్నీ గౌరవమైన పనులే, కాని ఏదీ పైలట్ పని కాదు.

మా ఇంట్లోనే ఇది జరిగింది. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య అవుతాడు, ఇంటర్ అయ్యాక వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీబీఏ ఏవియేషన్‌లో చేరాడు. ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ అనవసరం. పెద్దనాన్న తెనాలి దగ్గర ఎకరం పొలం అమ్మి ఫీజు కట్టారు. ఊళ్ళో అందరికీ "మావాడు పైలట్ కోర్సు" అనే చెప్పుకున్నారు. అడ్మిషన్ ఆఫీసులో కూర్చున్నాయన ఇది పైలట్ కోర్సని అనలేదు, కాదని కూడా అనలేదు. రెండో ఏడాది చివర్లో ఫ్లయింగ్ ఎప్పుడు మొదలవుతుందని అన్నయ్య అడిగితే, అది వేరే ఫ్లయింగ్ స్కూల్లో, వేరే ఫీజుతో, ఇష్టమైతే చేసుకోవచ్చని చెప్పారు. ఆ వేరే ఫీజు డిగ్రీ ఫీజుకు ఎన్నో రెట్లు. ఇంకో ఎకరం అమ్మమని అడగడానికి అన్నయ్యకు నోరు రాలేదు. ఇప్పుడు శంషాబాద్‌లో ఒక ఎయిర్‌లైన్ గ్రౌండ్ స్టాఫ్‌లో పనిచేస్తున్నాడు. పని బాగా చేస్తాడు, ప్రమోషన్ కూడా వచ్చింది. అదే ఉద్యోగం ఏ డిగ్రీతోనైనా వచ్చేదని వాడే అంటాడు. పెద్దనాన్న డబ్బు పెట్టింది ఒకదానికి, ఇంటికి వచ్చింది ఇంకొకటి.

డబ్బు సంగతి దాచి ప్రయోజనం లేదు. ఈరోజు మన దేశంలో సీపీఎల్ శిక్షణకు 40 లక్షలు దాటుతుంది. దాని తర్వాత ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి ఒక విమానం మీద ప్రత్యేక శిక్షణ తీసుకోవాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు, అది మరికొన్ని లక్షలు. ఎయిర్‌లైన్సే ఎంపిక చేసి శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాములైతే కోటి దాటిపోతున్నాయి. ఇలాంటి పరిస్థితిలో, లైసెన్సు ఇవ్వని డిగ్రీ మీద ముందుగానే ఎనిమిది, పది లక్షలు ఖర్చుపెట్టడం మనలాంటి కుటుంబాలకు తగదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ పది లక్షలు ఫ్లయింగ్ గంటలకు పనికొస్తాయి.

ఇక్కడ అమెరికా నుంచి ఫోన్ వస్తుంది. మన ప్రతి ఇంట్లో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక మేనమామో బాబాయో ఉంటారు. "ఇక్కడ పైలట్లంతా ఏవియేషన్ యూనివర్సిటీల్లోనే చదువుతారు, ఎంబ్రీ-రిడిల్ అని పెద్ద పేరు, మనవాణ్ణి అలాంటిదాంట్లోనే వెయ్యండి" అంటారు. ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. అయితే అక్కడ ఆ డిగ్రీకి విలువ రావడం వెనుక ఒక చట్టం ఉంది. 2009లో బఫలో నగరం దగ్గర ఒక ప్రయాణికుల విమానం కూలాక అమెరికా నిబంధనలు మార్చింది. 2013 నుంచి అక్కడ ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరాలన్నా మామూలుగా 1500 గంటల అనుభవం ఉండాలి. అనుమతి ఉన్న కాలేజీలో నాలుగేళ్ళ ఏవియేషన్ డిగ్రీతో పాటు ఫ్లయింగ్ శిక్షణ కూడా అక్కడే పూర్తిచేసినవాళ్ళకు 1000 గంటలు చాలు. అంటే ఆ డిగ్రీ 500 గంటలు మిగులుస్తుంది. ఎయిర్‌లైన్‌లోకి ముందే చేరతారు. అందుకే అక్కడి పిల్లలు అంత ఫీజు కడతారు.

మన దగ్గర ఆ లెక్కే లేదు. 200 గంటలతో సీపీఎల్ తెచ్చుకుని, టైప్ రేటింగ్ చేసి, ఎయిర్‌లైన్ పరీక్షల్లో నెగ్గినవాడు కో-పైలట్ కావచ్చు. ఏవియేషన్ డిగ్రీ ఉన్నందుకు డీజీసీఏ ఒక్క గంట కూడా తగ్గించదు. అమెరికాలోనే డెల్టా ఎయిర్‌లైన్స్ 2022లో పైలట్లకు నాలుగేళ్ళ డిగ్రీ తప్పనిసరి అనే నిబంధన తీసేసింది. పైగా మన పిల్లలు అక్కడ శిక్షణ పొంది వచ్చినా ఇక్కడ మళ్ళీ డీజీసీఏ పరీక్షలు రాసి లైసెన్సు మార్పించుకోవాలి. మేనమామ సలహా ప్రేమతో ఇచ్చిందే. ఆ సలహా పుట్టిన చట్టం మాత్రం మన దేశంలో లేదు.

"అయితే డిగ్రీయే వద్దంటారా?" అని పోయినసారి ఒక నాన్నగారు కొంచెం కోపంగానే అడిగారు. వద్దనను. కచ్చితంగా ఉండాలంటాను. కాకపోతే పైలట్ కావడానికి కాదు, పైలట్ ఉద్యోగం ఆగిపోయిన రోజు కోసం. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయింది. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వల్ల దేశంలో రెండు నెలలు ప్రయాణికుల విమానాలే ఎగరలేదు. పదకొండేళ్ళలో నాలుగు దెబ్బలు. అప్పు వాయిదాలు మాత్రం ప్రతి నెలా వస్తూనే ఉంటాయి. ఇంకో సంగతి, పైలట్ ఏడాదికోసారి మెడికల్ పరీక్షకు వెళ్ళాలి. ముప్పై ఐదేళ్ళకు గుండెలోనో చెవిలోనో చిన్న తేడా వచ్చినా ఆ ఉద్యోగం ఆగిపోవచ్చు. మిగతా ఉద్యోగాల్లో అలాంటి తేడా వస్తే సెలవు పెట్టి, మందులు వేసుకుని మళ్ళీ ఆఫీసుకు వెళ్తాం.

అందుకే నా వాదన ఇది. వెనకాల ఆసరాగా పెట్టుకునే డిగ్రీ విమానయానానికి బయటిదై ఉండాలి. ఎయిర్‌లైన్సు మూతపడ్డ రోజున పైలట్‌కు ఉద్యోగం పోతుంది. బీబీఏ ఏవియేషన్ పట్టుకుని ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వెతుకుదామంటే అక్కడా ఖాళీలు ఉండవు. ఒకే చెరువు కింద రెండు పొలాలు కొన్నట్టు, చెరువు ఎండితే రెండూ ఎండుతాయి. బీకామో, బీఎస్సీ కంప్యూటర్సో, మ్యాథ్సో, పిల్లవాడికి కాస్త ఇష్టమున్న ఏ డిగ్రీ అయినా అంతకంటే మెరుగైన ఆసరా. రెగ్యులర్ కాలేజీకి వెళ్ళే వీలు లేకపోతే ఇగ్నో ఉంది, మన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఫ్లయింగ్ స్కూల్లో ఉంటూనే సార్వత్రిక డిగ్రీ పూర్తిచేయవచ్చు. వర్షాకాలంలో వాతావరణం బాగాలేక విమానం ఎగరని రోజులు బోలెడు ఉంటాయి, చదువుకోవడానికి టైం దొరుకుతుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. ఎయిర్‌లైన్సులో అంతా సీనియారిటీ. 21 ఏళ్ళకు చేరినవాడు 24కు చేరినవాడికంటే ముందు కెప్టెన్ అవుతాడు. రిటైర్మెంటు ఇద్దరికీ 65కే. ముందు మూడేళ్ళు డిగ్రీకి పెడితే, ఎక్కువ జీతం వచ్చే చివరి మూడేళ్ళు పోయినట్టే. నా బీఈడీ క్లాస్‌మేట్ తమ్ముడు ఈ లెక్క వేసే ఇంటర్ అవ్వగానే ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు. డబ్బు చేతిలో ఉండి, పిల్లవాడికి కోరిక గట్టిగా ఉండి, మెడికల్ పాసై ఉంటే ఆ దారి సరైనదే, పక్కన దూరవిద్యలో డిగ్రీ నడుపుకుంటే చాలు. కాని మన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది పరిస్థితి అది కాదు. పొలమో ఇల్లో తాకట్టు పెట్టాలి, చెల్లి చదువు వెనక ఉంటుంది, పిల్లవాడికి పదిహేడేళ్ళు, నిరుడు యూట్యూబర్ అవుతానన్నాడు. అలాంటి ఇంట్లో మూడేళ్ళ మామూలు డిగ్రీ, మీ ఊరి కాలేజీలోనే, తక్కువ ఫీజుతో చదివితే, ఆ మూడేళ్ళు వృథా కావని నా అభిప్రాయం. కోరిక నిలుస్తుందో లేదో తేలుతుంది. డబ్బు కూడబెట్టుకోవచ్చు. డీజీసీఏ రాత పరీక్షల పుస్తకాలు తెచ్చుకుని చదువు మొదలుపెట్టవచ్చు. నావిగేషన్ పుస్తకం నెలరోజుల్లో అటకెక్కిందంటే మీకు 40 లక్షలు మిగిలినట్టే.

మూడేళ్ళ డిగ్రీ చేతిలో ఉంటే ఇంకో తలుపు కూడా తెరుచుకుంటుంది. మన హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది. పైలట్ అనగానే ఎయిర్‌లైన్సే గుర్తొస్తున్నాయి గాని, ఫీజు లేకుండా, పైగా స్టైపెండ్ ఇచ్చి విమానం నడపడం నేర్పే చోటు మనకు ఇంత దగ్గర్లో ఉంది. ఇంటర్ ఎంపీసీ పిల్లలు ఎన్‌డీఏ పరీక్ష రాయవచ్చు, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ళలోపు వాళ్ళకు అవకాశం. 2022 నుంచి అమ్మాయిలూ చేరుతున్నారు. అక్కడ శిక్షణతో పాటు డిగ్రీ కూడా వస్తుంది. ఎన్‌డీఏ రాకపోతే డిగ్రీ అయ్యాక ఏఎఫ్‌క్యాట్ ఉంది. ఫ్లయింగ్ బ్రాంచికి డిగ్రీ ఏదైనా ఫరవాలేదు, 60 శాతం మార్కులు, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. పోటీ ఎక్కువే, అందరికీ రాదు. అయినా ఎంసెట్‌కు లక్షలు పోసి కోచింగ్ ఇప్పిస్తున్న మనం ఎన్‌డీఏ అప్లికేషన్ ఒక్కసారి కూడా నింపించకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఏ కాలేజీ అని అడగడానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, మెడికల్. పోయినేడు మా తొమ్మిదో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. నోటుబుక్కుల అట్టల మీదంతా విమానాలే. ఒకరోజు గ్రూప్ ప్రాజెక్టులో చార్టు మీద హెడింగులు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాయమంటే ఆకుపచ్చతో రాశాడు. పక్కపిల్లలు నవ్వారు. మళ్ళీ అదే జరిగింది. వాళ్ళమ్మగారితో మాట్లాడి కంటి డాక్టర్ దగ్గరకు పంపాను. రంగురంగుల చుక్కల్లో అంకె చూపించే పరీక్ష చేశారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియడం లేదని తేలింది. అమ్మాయిల్లోకంటే అబ్బాయిల్లో ఇది ఎక్కువ. రోజువారీ జీవితంలో ఇబ్బంది పెద్దగా ఉండదు గనుక ఇంట్లో ఎవరికీ తెలియదు. రన్‌వే దగ్గర ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు చూసి దిగాల్సిన ఉద్యోగానికి మాత్రం ఇది పెద్ద అడ్డంకి. ఆ బాబు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్ళమ్మగారు నాతో ఒకటే మాట అన్నారు: "ఇప్పుడే తెలిసింది, లోన్ తీసుకున్నాక తెలిస్తే ఏం చేసేవాళ్ళం?"

కళ్ళద్దాలు ఉంటే భయపడక్కర్లేదు, అద్దాలతో చూపు సరిగా వస్తే చాలు. కంటి డాక్టర్ దగ్గర రంగుల పరీక్ష ఏ తరగతిలోనైనా చేయించవచ్చు, పెద్ద ఖర్చు కాదు. పిల్లలకు 16 నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు వయసు సరిపోతుంది. డీజీసీఏ అనుమతించిన డాక్టర్ల జాబితా వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ముందు క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత క్లాస్ 1. ఈ క్లాస్ 1 కాగితం చేతికి రాకముందు ఏ యూనివర్సిటీకీ, ఏ ఫ్లయింగ్ స్కూలుకూ పెద్ద మొత్తం కట్టకండి. సీటు అయిపోతుందని ఎంత తొందరపెట్టినా సరే.

నా సబ్జెక్టు గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. 15,000 అడుగుల దగ్గర ఆగాల్సిన కజకిస్తాన్ విమానం ఇంకా కిందికి దిగింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడం కూడా కారణాల్లో ఒకటని విచారణలో తేలింది. ఆ తర్వాతే అంతర్జాతీయంగా పైలట్లకు ఇంగ్లీషు స్థాయి పరీక్షలు వచ్చాయి, ఆరు మెట్లలో కనీసం నాలుగో మెట్టు ఉండాలి. ఇది మా ఎస్సే రైటింగ్ ఇంగ్లీషు కాదు. ఎదుటివాడు ఏ యాసలో మాట్లాడినా, రేడియోలో గరగర మధ్య, ఒక్కసారి విని అర్థం చేసుకుని తిరిగి చెప్పే ఇంగ్లీషు. అంకెలు కూడా స్పష్టంగా వినబడాలని పైలట్లు త్రీని ట్రీ అంటారు, ఫైవ్‌ని ఫైఫ్ అంటారు, నైన్‌ని నైనర్ అంటారు. క్లాసులో ఇది చెబితే పిల్లలు పడిపడి నవ్వారు. ఎస్సే బట్టీ పట్టి 95 తెచ్చుకునే పిల్లవాడు ఈ పరీక్షలో తడబడతాడు. రోజూ ఇంట్లో పది నిమిషాలు ఇంగ్లీషు వార్తలు వినిపించి, విన్నది తిరిగి చెప్పమనండి. తెలుగులో చెప్పినా ఫరవాలేదు, ముందు విన్నది పట్టుకోవడం రావాలి.

ఇంత చెప్పినా కొందరికి ఏవియేషన్ యూనివర్సిటీయే సరైన దారి కావచ్చు. ఎయిర్‌పోర్టు నిర్వహణ, కార్గో, ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ ఇష్టపడే పిల్లలు ఉన్నారు, వాళ్ళు ధైర్యంగా చేరవచ్చు. డిగ్రీతో పాటు ఫ్లయింగ్ కూడా కలిపి ఇస్తామనే సంస్థలు కొన్ని ఉన్నాయి. అక్కడికి వెళ్ళినప్పుడు అడ్మిషన్ కౌంటర్లో కూర్చోకుండా విమానాలున్న చోటు చూపించమనండి. ఫ్లయింగ్ శిక్షణకు డీజీసీఏ అనుమతి ఎవరి పేరు మీద ఉందో కాగితం అడగండి. ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయి, ఎంతమంది పిల్లలు గంటల కోసం లైన్లో ఉన్నారు, పోయిన బ్యాచ్‌లో చివరివాడికి 200 గంటలు పూర్తవడానికి ఎన్ని నెలలు పట్టింది అని అడగండి. మొదటివాడి సంగతి వాళ్ళే చెబుతారు, చివరివాడి సంగతి మీరు అడిగి తెలుసుకోవాలి. డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్ళకు ఏడాదికి రెండుసార్లు ర్యాంకులు ఇస్తోంది, ఆ జాబితాలో ఈ స్కూలు ఎక్కడుందో ఇంటి దగ్గరే చూసుకుని వెళ్ళండి. బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ మనకు దగ్గరే. అక్కడ చేర్పించినా చేర్పించకపోయినా, ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళి ఇవే ప్రశ్నలు అడిగి వస్తే వేరేచోట వినే జవాబులను పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఫీజు మొత్తం ఒకేసారి కడితే రాయితీ ఇస్తామంటారు. వద్దనండి. నడిపిన గంటలకే వాయిదాలుగా కడతామని చెప్పండి. ఎన్ని గంటలకు ఎంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు అనేది స్టాంపు కాగితం మీద రాసి ఇస్తారేమో చూడండి. రాసి ఇవ్వడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే, మంచినీళ్ళు తాగి, థాంక్స్ చెప్పి, పిల్లాణ్ణి తీసుకుని బస్సెక్కేయండి.